వెలుగు నడకను పరీక్షించిన బస్రా పండితుడు – ఇబ్న్ అల్ హైతమ్

రాజుల చరిత్రలు, యుద్ధాల కథలు మన పిల్లలకు కొంతో గొప్పో తెలుసు. కాని ఒక చీకటి గదిలో కూర్చొని, గోడకున్న చిన్న సందులోంచి వచ్చే వెలుతురును చూస్తూ, చూపు అంటే ఏమిటో లోకానికి తేల్చి చెప్పిన మనిషి పేరు చాలా ఇళ్ళలో వినబడదు. అందుకే ఈ సంవత్సరపు సావనీరులో ఆయన జీవితాన్ని మన సంఘ సభ్యులకు, ముఖ్యంగా చదువుకొనే పిల్లలకు పరిచయం చేయాలని మేము తలచాము. ఆయన పేరు అబూ అలీ అల్ హసన్ ఇబ్న్ అల్ హైతమ్. అల్ హసన్ అన్న పేరును ఐరోపా వారు తమ నోటికి అనువుగా తిప్పుకొని అల్‌హాజెన్ అన్నారు. ఇంగ్లీషు పుస్తకాలలో ఆ పేరు కనిపిస్తే అది మన ఇబ్న్ అల్ హైతమే అని గుర్తుపెట్టుకోవాలి.

బస్రాలో జననం

ఇబ్న్ అల్ హైతమ్ హిజ్రీ 354 ప్రాంతంలో, అనగా క్రీ.శ. 965లో, ఇరాక్ దేశంలోని బస్రా పట్టణంలో జన్మించారు. బస్రా ఆ రోజుల్లో పెద్ద రేవు. ఓడల మీద సరుకులతోపాటు పుస్తకాలు, పండితులు కూడా వచ్చేవారు. అంతకు నూరేండ్లకు పైగా ముందే బాగ్దాదులో గ్రీకు గ్రంథాలను అరబ్బీలోకి తర్జుమా చేసే పని పెద్ద ఎత్తున సాగింది. యూక్లిడ్ రేఖాగణితం, టాలమీ ఖగోళ శాస్త్రం, గాలెన్ వైద్యం, అరిస్టాటిల్ తత్వశాస్త్రం – ఇవన్నీ అరబ్బీ చదివిన వారికి అందుబాటులో ఉండేవి. ఇబ్న్ అల్ హైతమ్ వీటినన్నిటినీ చదివారు. చదివి ఊరుకోలేదు. ఇందులో ఏది నిజం, ఏది కాదు అని ఒక్కొక్కదాన్నే పట్టి చూశారు. ఈ గుణమే చివరి దాకా ఆయన వెంట ఉన్నది.

నైలు నది పథకం

ఆ కాలంలో ఈజిప్టును ఫాతిమీ ఖలీఫాలు ఏలుతుండేవారు. 996 నుంచి 1021 వరకు అల్ హాకిమ్ ఖలీఫాగా ఉన్నారు. ఈయన స్వభావం వింతగా ఉండేది. ఒక పక్క 1005లో కైరోలో దారుల్ ఇల్మ్ అనే విద్యాలయం పెట్టి, పుస్తకాలు నింపి, చదువుకొనే వారికి కాగితము, సిరా ఉచితంగా ఇప్పించారు. ఇంకో పక్క కోపం వస్తే వజీర్లని కూడా చూడకుండా చంపించేవారు. రేపు ఏమి హుకుం వస్తుందో ఎవరికీ తెలియని దర్బారు అది.

నైలు నది వరద మీదనే ఈజిప్టు బ్రతుకు ఆధారపడి ఉండేది. వరద ఎక్కువైతే ఊళ్ళు మునిగేవి. తక్కువైతే పంట లేక కరువు వచ్చేది. గోదావరి, కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగిన మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. తాను ఈజిప్టులో ఉంటే ఏడాది పొడుగునా మేలు జరిగేటట్టు ఆ నదిని అదుపు చేసే ఏర్పాటు చేసి ఉండేవాడినని ఇబ్న్ అల్ హైతమ్ అన్నట్టు అల్ హాకిమ్ చెవిన పడింది. వెంటనే ఆయనకు పిలుపు వచ్చింది. 13వ శతాబ్దంలో పండితుల చరిత్ర వ్రాసిన అల్ ఖిఫ్తీ చెప్పిన ప్రకారం, ఖలీఫాయే స్వయంగా కైరో పొలిమేరకు ఎదురేగి ఆయనకు స్వాగతం చెప్పారట. పనివారిని ఇచ్చి, సొమ్ము ఇచ్చి దక్షిణానికి పంపించారు.

ఇబ్న్ అల్ హైతమ్ నది వెంబడి పైకి ప్రయాణం చేశారు. దారి పొడుగునా ప్రాచీన ఈజిప్షియనులు కట్టిన కట్టడాలను చూశారు. ఆ రాళ్ళ కొలతలు, ఆ కోణాల తీరు చూసేసరికి ఆయనకు ఒక అనుమానం పట్టుకొన్నది. ఇంత లెక్క తెలిసిన మనుషులకు నైలును కట్టడం సాధ్యమయ్యే పనే అయితే వాళ్ళు కట్టకుండా ఊరుకొనేవారా? అయినా ముందుకు నడిచారు. అస్వాన్ దగ్గర నది బండరాళ్ళ మీదుగా దిగే చోటును చేరి రెండు ఒడ్డులూ పరీక్షించారు. ఆ రోజుల్లో ఉన్న సాధనాలతో ఇది జరిగే పని కాదని తేలిపోయింది. అదే అస్వాన్ దగ్గర పెద్ద ఆనకట్ట పూర్తి అయింది 1970లో. అనగా సుమారు వేయి సంవత్సరాల తరువాత, యంత్రాల బలంతో.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఖలీఫా సొమ్ము చేతిలో ఉన్నది. పనివారు ఉన్నారు. ఏదో ఒక కట్ట వేసి, రెండేళ్ళు కాలక్షేపం చేసి, తప్పు వరద మీదకు నెట్టేసే వారిని మనం చూస్తూనే ఉన్నాము. ఈయన అలా చేయలేదు. వెనక్కి వచ్చి, ఈ పని నా వల్ల కాదని ఖలీఫా ముఖాన చెప్పారు. ఎలాంటి ఖలీఫాతో ఆ మాట చెప్పారో తలచుకొంటే ఆ నిజాయితీ ఖరీదు తెలుస్తుంది.

పిచ్చివాడి వేషం

అల్ హాకిమ్ ఆయనను అప్పటికి ఏమీ చేయలేదు. దివానులో ఒక ఉద్యోగం ఇచ్చారు. ఇష్టం లేకపోయినా భయంతో ఒప్పుకొన్నారు ఇబ్న్ అల్ హైతమ్. కాని ఈ రోజు కాకపోతే రేపు కత్తి తన మెడ మీద పడుతుందని ఆయనకు తెలుసు. తప్పించుకొనే దారి వెదికి వెదికి, చివరకు పిచ్చి పట్టినట్టు నటించారని అల్ ఖిఫ్తీ వ్రాశారు. పిచ్చివాడిని శిక్షించకూడదని ధర్మం. కనుక ఆయన ఆస్తిని ఇతరుల సంరక్షణలో ఉంచి, ఆయనను ఇంట్లోనే నిర్బంధించారు. 1021లో అల్ హాకిమ్ ఒక రాత్రి షికారు వెళ్ళి తిరిగి రాలేదు. ఆయన మరణవార్త స్థిరపడిన తరువాతనే ఇబ్న్ అల్ హైతమ్ వేషం తీసివేశారు. ఆస్తి తిరిగి వచ్చింది.

లోకమంతా పిచ్చివాడు అనుకొంటుంటే, లోపల తెలివిని కాపాడుకొంటూ ఏళ్ళు గడపడం తేలిక కాదు. అంతటి మనో నిబ్బరం గల మనిషి ఆయన.

చూపు ఎక్కడ నుంచి వస్తుంది?

కైరోలో ఉండగా ఆయన వ్రాసిన గ్రంథాలలో పెద్దది కితాబుల్ మనాజిర్, అనగా చూపును గురించిన గ్రంథం. ఏడు భాగాలు. దాని గొప్పతనం తెలియాలంటే అంతకు ముందు ఏమనుకొనేవారో తెలియాలి.

యూక్లిడ్, టాలమీ వంటి వారు మన కంటిలో నుంచే కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని, అందువల్లనే అది కనబడుతుందని చెప్పారు. అరబ్బులలో మొదటి తత్వవేత్త అని పేరు పొందిన అల్ కిందీ కూడా ఆ పక్షమే. అరిస్టాటిల్ వర్గం వారు దీన్ని ఒప్పుకోలేదు గాని, లెక్కతో నిరూపించలేకపోయారు.

ఇబ్న్ అల్ హైతమ్ మనందరికీ తెలిసిన విషయాలతోనే మొదలుపెట్టారు. మిట్టమధ్యాహ్నం సూర్యుణ్ణి చూస్తే కన్ను నొప్పి పుడుతుంది. వెలుగును చూసి కళ్ళు మూసుకొన్నా దాని గుర్తు కాసేపు కంట్లో ఉంటుంది. అంటే ఏదో బయట నుంచి కంటిలోకి వస్తున్నది గాని, కంటిలో నుంచి పోవడం లేదు. వెలుగు పడిన ప్రతి వస్తువు మీద, ప్రతి చుక్క నుంచీ అన్ని దిక్కులకూ వెలుగు చిమ్ముతుందనీ, అందులో కొంత మన కంటికి చేరుతుందనీ ఆయన తేల్చారు. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. అన్ని చుక్కల నుంచి అన్ని కిరణాలు వచ్చి కంటి మీద పడితే అంతా కలగాపులగం కాదా? కంటి ఉపరితలం మీద నిటారుగా పడే కిరణమే బలంగా పనిచేస్తుందని, ఏటవాలుగా పడేవి వంగి బలహీనపడతాయని ఆయన జవాబు చెప్పారు. ఆ విధంగా ఒక్కో చుక్కకు ఒక్కో కిరణం లెక్క కుదిరింది. గ్రీకుల రేఖాగణితము, వైద్యుల కంటి వర్ణన, తత్వవేత్తల వాదము – మూడూ మొదటిసారి ఒకే చోట కలిశాయి.

చీకటి గది

వెలుగు తిన్నగా పోతుందని అందరూ అనేవారే. ఇబ్న్ అల్ హైతమ్ దాన్ని పరీక్షకు పెట్టారు. ఒక చీకటి గది. దానికి ఒక చిన్న సందు. సందుకు ఎదురుగా బయట కొన్ని దీపాలు, వేరు వేరు చోట్ల. లోపల గోడ మీద ఎన్ని దీపాలో అన్ని వెలుగు మచ్చలు. ఒక దీపానికి అడ్డం పెడితే దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న మచ్చ ఒక్కటే మాయమవుతుంది. అడ్డం తీస్తే మళ్ళీ వస్తుంది. అన్ని వెలుగులూ ఒకే సందులో నుంచి దూరి వచ్చినా ఒకదానితో ఒకటి కలిసిపోలేదు. ఎవరి దారి వారిది.

మన పల్లెల్లో పెంకుటిళ్ళలో పుట్టి పెరిగిన పెద్దలకు ఇది తెలిసిన దృశ్యమే. పెంకు సందులో నుంచి ఎండ పడితే నేల మీద గుండ్రని రూపాయి బిళ్ళ వంటి మచ్చ పడుతుంది. సందు గుండ్రంగా లేకపోయినా మచ్చ గుండ్రమే. అది సూర్యుడి బొమ్మ. గ్రహణం పట్టిన రోజున ఆ మచ్చ నెలవంక అవుతుంది. గ్రహణ సమయంలో ఈ బొమ్మ ఎందుకు నెలవంకగా కనబడుతుందో, సందు పెద్దదైతే ఎందుకు కనబడదో ఇబ్న్ అల్ హైతమ్ ఒక ప్రత్యేక గ్రంథమే వ్రాశారు. తరువాతి కాలపు ఫోటో కెమెరా మూలంలో ఉన్నది ఈ చీకటి గదే.

అద్దాల మీద, నీళ్ళలో, గాజులో వెలుగు ఎలా మళ్ళుతుందో కూడా ఆయన కొలిచారు. వెలుగు ఎంత వేగంగా పోయినా దానికి కొంత కాలం పడుతుందని, గాలిలో కంటే చిక్కని పదార్థంలో నెమ్మదిగా పోతుందని చెప్పారు. వెలుగు వేగానికి కొలత దొరికే ఆధారం 1676లో రోమర్ అనే శాస్త్రజ్ఞుడి దాకా లభించలేదు. గుండ్రని అద్దం మీద ఏ చోట పడిన కిరణం మన కంటికి చేరుతుందనే లెక్కకు నేటికీ అల్‌హాజెన్ సమస్య అనే పేరు. ఉదయించే చందమామ ఎందుకు పెద్దగా కనబడుతుందన్న దానికి, అది కన్ను చేసే పని కాదు, దూరాన్ని అంచనా కట్టే మనసు చేసే పని అన్నారు.

అన్నీ సరిగ్గానే చెప్పారా అంటే, లేదు. కంటిలోని కటకం దగ్గరనే చూపు పుడుతుందని ఆయన అనుకొన్నారు. బొమ్మ పడేది కంటి వెనుక పొర మీద, అదీ తలక్రిందులుగా అని 1604లో కెప్లర్ నిరూపించారు. కాని కెప్లర్ ఆ మెట్టు ఎక్కడానికి నిలబడినది ఇబ్న్ అల్ హైతమ్ వేసిన మెట్టు మీదనే.

అజ్‌హర్ గుమ్మం దగ్గర

నిర్బంధం తీరిన తరువాత ఇబ్న్ అల్ హైతమ్ కైరోలో జామియా అజ్‌హర్ గుమ్మం పక్కన ఒక చిన్న నివాసంలో ఉండేవారు. దర్బారు ముఖం మళ్ళీ చూడలేదు. సంవత్సరానికి ఒకసారి యూక్లిడ్ గ్రంథాన్ని, టాలమీ గ్రంథాన్ని, వాటి మధ్య చదివే పుస్తకాలను తన చేతితో నకలు వ్రాసి అమ్మేవారు. 150 ఈజిప్టు దీనార్లు వచ్చేవి. ఆ సొమ్ముతో ఏడాది గడిచేది. బేరం ఆడేవారు కాదట, ధర పెంచేవారు కాదట. మిగిలిన కాలమంతా చదువు, వ్రాత, పరిశోధన. ఆయన వ్రాసినవి 90కి పైగా ఉన్నట్టు పాత జాబితాలు చెబుతున్నాయి. వాటిలో సగానికి పైగా నేటికి మిగిలి ఉన్నాయి. 1040 ప్రాంతంలో కైరోలోనే పరమపదించారు.

టాలమీ అంటే ఆ రోజుల్లో ఎదురు చెప్పలేని పేరు. అలాంటి టాలమీ మాటలలో ఎక్కడెక్కడ పొంతన లేదో చూపిస్తూ ఒక గ్రంథం వ్రాశారు ఇబ్న్ అల్ హైతమ్. పాత పుస్తకాలను నమ్మేవాడు సత్యాన్ని వెదికేవాడు కాడనీ, వాటిని శంకించి, నిరూపణ అడిగేవాడే అసలైన అన్వేషకుడనీ ఆయన భావం. ఆ శంక తన మీద కూడా పెట్టుకోవాలని, తన ఇష్టాయిష్టాలు దారి తప్పించకుండా చూసుకోవాలని కూడా ఆయన నమ్మారు.

గ్రంథం చేసిన ప్రయాణం

ఆయన గ్రంథం 1200 ప్రాంతంలో లాటిన్‌లోకి వెళ్ళింది. రోజర్ బేకన్, వైటెలో వంటి ఐరోపా పండితులు దాన్ని చదివే తమ పుస్తకాలు వ్రాశారు. 1572లో బేసెల్ నగరంలో రిస్నర్ దాన్ని అచ్చు వేయించారు. ఇటు తూర్పున, పారసీక పండితుడు కమాలుద్దీన్ అల్ ఫారిసీ 14వ శతాబ్దం మొదట్లో కితాబుల్ మనాజిర్ మీద వ్యాఖ్య వ్రాసి, నీళ్ళు నింపిన గాజు గోళాన్ని వాన చినుకుగా పెట్టుకొని ఇంద్రధనుస్సు ఎలా పుడుతుందో చూపించారు. 1647లో హెవీలియస్ అచ్చు వేసిన చంద్రుని పటాల పుస్తకం ముఖచిత్రంలో ఒక పక్క గెలీలియో, మరో పక్క ఇబ్న్ అల్ హైతమ్ నిలబడి ఉంటారు. చంద్రుని మీద ఒక గుంటకు అల్‌హాజెన్ అనే పేరు ఉన్నది. ఇరాక్ కరెన్సీ నోటు మీద ఆయన బొమ్మ వేశారు. 2015ను ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ కాంతి సంవత్సరంగా జరిపినప్పుడు యునెస్కో ఆయనను ప్రత్యేకంగా స్మరించింది.

వెలుగుకు దారి వేసే స్ఫటికాలు

ఇబ్న్ అల్ హైతమ్ వేసిన ప్రశ్న ఏమిటి? వెలుగు ఒక పదార్థాన్ని తాకినప్పుడు ఎటు పోతుంది అని. ఆ ప్రశ్న నేటికీ ముగియలేదు. అద్దం వెలుగును మళ్ళిస్తుంది, గాజు వంచుతుంది. మరి వెలుగును అసలు లోపలికి రాకుండా ఆపేసి, మనం చెప్పిన దారినే నడిపించే పదార్థం చేయగలమా?

1987లో ఇద్దరు శాస్త్రజ్ఞులు, ఒకరికొకరు సంబంధం లేకుండా, చేయవచ్చునని వ్రాశారు. ఒకరు అమెరికాలోని యాబ్లొనోవిచ్. రెండవవారు కేరళలో పుట్టిన సజీవ్ జాన్. వారు చెప్పిన పదార్థాలకే ఫోటానిక్ క్రిస్టల్స్ అని పేరు వచ్చింది.

సంగతి ఇది. వెలుగు అలల రూపంలో పోతుంది. కంటికి కనబడే వెలుగులో ఒక అల పొడుగు మిల్లీమీటరులో రెండు వేలో వంతు అనుకోండి. అటువంటి కొలతలో రెండు రకాల పదార్థాలను ఒకటి విడిచి ఒకటి, పొరలు పొరలుగా పేరిస్తే, ప్రతి పొర దగ్గరా వెలుగు కొంచెం వెనక్కి తిరుగుతుంది. ఒక్క పొర దగ్గర తిరిగేది లెక్కలోకి రాదు. కాని పొరల మధ్య దూరం ఆ అలకు సరిపడినట్టు ఉంటే, వెనక్కి తిరిగినవన్నీ కవాతులో సిపాయిల్లాగా ఒకే అడుగు వేస్తాయి. అప్పుడు ఆ రంగు వెలుగు లోపలికి పోలేదు, మొత్తం వెనక్కి వస్తుంది. పొరల విషయంలో ఇది 1887లోనే లార్డ్ రేలీ చూపించారు. అదే అమరికను పొడవు, వెడల్పు, ఎత్తు మూడు వైపులా చేస్తే ఏ దిక్కునా ఆ వెలుగుకు దారి దొరకదన్నదే 1987 నాటి కొత్త ఆలోచన. 1991లో యాబ్లొనోవిచ్ బృందం ఒక దిమ్మెకు క్రమంగా రంధ్రాలు తొలిచి, మైక్రోవేవ్ తరంగాలతో దీన్ని నిరూపించింది.

ఇక ఆ క్రమంలో ఒక్క రంధ్రాన్ని కావాలని తప్పిస్తే, వెలుగు అక్కడ చిక్కుకొని ఉంటుంది. ఒక వరుస రంధ్రాలను తప్పిస్తే అదే వెలుగుకు సందు దారి అవుతుంది, మూల తిరగమన్నా తిరుగుతుంది. నడిమి బోలుగా ఉండి చుట్టూ ఇలాంటి రంధ్రాలున్న గాజు తీగలలో వెలుగును గాలిలోనే నడిపించగలుగుతున్నారు.

ప్రకృతిలో ఈ పని ఎప్పటి నుంచో జరుగుతున్నది. దర్గాలలో నెమలి ఈకల కట్ట చూడని వారు మనలో ఎవరు? ఆ ఈకలో నీలం రంగు గాని, పచ్చ రంగు గాని లేదు. ఉన్నది నల్లటి సన్నని కడ్డీల వరుసలే. వాటి మధ్య దూరం మారితే రంగు మారుతుంది. మన పాలపిట్ట రెక్క నీలానికి కూడా రంగు పదార్థం కాదు, ఈక లోపలి నిర్మాణమే కారణం, అయితే ఆ అమరిక స్ఫటికమంత క్రమంగా ఉండదు. ఆ పిట్ట ఈకలను సి.వి. రామన్ 1934లోనే పరీక్షించి వ్యాసం వ్రాశారు.

మనం నేర్చుకోవలసినది

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఫోటానిక్ క్రిస్టల్స్ ఇబ్న్ అల్ హైతమ్ కనిపెట్టలేదు. వెలుగు అల అనే సంగతే ఆయనకు తెలియదు. సభలలో కొందరు వక్తలు ఈనాటి ప్రతి యంత్రమూ మన పూర్వీకులే చేశారని చెప్పి చప్పట్లు కొట్టించుకొంటారు. అది ఆ మహనీయునికి గౌరవం కాదు. నిరూపణ లేని మాట ఒప్పుకోవద్దని బ్రతుకంతా చెప్పిన మనిషి పేరు మీద నిరూపణ లేని మాటలు చెప్పడం ఆయనకు అవమానమే అవుతుంది.

ఆయనకు నిజమైన గౌరవం మన ఇళ్ళలో జరగాలి. మన అబ్బాయి, మన అమ్మాయి ఎందుకు అని అడిగితే నోరు మూయించకుండా, రా చూద్దాం అనడమే ఆ గౌరవం. ఒక అట్టపెట్టె, దానికి సూదితో చేసిన చిన్న రంధ్రం, ఎదురుగా నూనె కాగితం – ఇంతే ఖర్చు. కిటికీ వైపు తిప్పితే వీధి అంతా ఆ కాగితం మీద తలక్రిందులుగా కనబడుతుంది. చదువు మానేసి దుకాణంలో కూర్చొన్న పిల్లవాడికి, పెండ్లి కుదిరిందని బడి మాన్పించిన ఆడపిల్లకు ఆ పెట్టె చూపించే అవకాశం లేకుండా పోతున్నది. స్కాలర్‌షిప్పు నిధికి మనం ఇచ్చే ప్రతి రూపాయీ అలాంటి ఒక పెట్టెకు రంధ్రం చేయడమే అని మేము నమ్ముతున్నాము.

ఇబ్న్ అల్ హైతమ్ దగ్గర రాజ్యం లేదు, ధనం లేదు. నకళ్ళు వ్రాసుకొని బ్రతికారు. చేతకాని పనిని చేతకాదని చెప్పారు, తెలిసిన దాన్ని పరీక్షించి చెప్పారు. ఈ రెండు గుణాలు మన పిల్లలకు అబ్బితే, రాబోయే సావనీర్లలో జీవిత చరిత్రల కోసం మనం వేయేళ్ళ వెనక్కి వెళ్ళనక్కరలేదు.